"వాసన తెలుస్తుందా డాక్టర్ గారూ?": నాన్న ఆపరేషన్‌కి ముందు నేను అడగని ప్రశ్న

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. యాప్ రివ్యూ లేదు, జాబ్ టిప్స్ లేవు. ముక్కు గురించి మాట్లాడబోతున్నా. నవ్వకండి. ఏడాది కిందటి దాకా నాకు కూడా ముక్కు అంటే జలుబు చేసినప్పుడు మాత్రమే గుర్తొచ్చేది.

పోయినేడాది ఒక సాయంత్రం. డాక్టర్ రూములో నాన్న, అమ్మ, నేను కూర్చున్నాం. న్యూరోసర్జన్ గారు స్క్రీన్ మీద ఎమ్మారై పెట్టి అంతా వివరించారు. గడ్డ ఎక్కడుంది, ఎలా తీస్తారు, ఎన్ని రోజులు హాస్పిటల్లో ఉండాలి, అన్నీ. నేను 20 ప్రశ్నలు ఫోన్‌లో టైప్ చేసుకుని వెళ్లా. ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి ఐసీయూ దాకా ఒక్కటీ వదల్లేదు. చివర్లో ఆయన "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. అప్పటిదాకా నోరు మెదపని నాన్న అప్పుడు అడిగాడు.

"ముక్కులోంచే కదండీ వెళ్తారు. తర్వాత నాకు వాసన తెలుస్తుందా?"

నా 20 ప్రశ్నల్లో అది లేదు.

డాక్టర్ గారు పెన్ను కింద పెట్టి, "మీరు ఏం పని చేస్తారు?" అన్నారు. "కర్రీ పాయింట్ అండీ" అన్నాడు నాన్న. ఆయన వెంటనే ఫోన్ తీసి, ఆపరేషన్‌లో తనతో పాటు ఉండే ఈఎన్‌టీ డాక్టర్ గారిని రూముకి పిలిచారు. ఆ ఒక్క ప్రశ్న వల్ల మాకు ఇంకో అరగంట మాటలు దొరికాయి. ఈరోజు మీకు చెప్పేదంతా ఆ అరగంట, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది, ఇంట్లో మేం పడ్డది.

ముందే చెప్పేస్తా. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి కెమెరా ముందుకొచ్చినవాణ్ణి. ఇది ట్రీట్‌మెంట్ సలహా కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తే చాలు.

మా నాన్నది విజయవాడలో చిన్న కర్రీ పాయింట్. రెండు కూరలు, ఒక వేపుడు, పప్పు, సాంబారు, రసం. పొద్దున 11 కల్లా కవర్లు కట్టడం మొదలవ్వాలి. 22 ఏళ్లుగా అదే పని. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాన్న వంట రుచి చూడడు. అమ్మే వంట ఎంగిలి చెయ్యకూడదని ఆయన పట్టుదల. అంతా ముక్కుతోనే. మూత తీసి ఆవిరి మొహానికి తగలనిచ్చి "ఉప్పు తగ్గింది" అంటాడు. ఉప్పుకి వాసనేంటి నాన్నా అని ఎన్నిసార్లు వాదించానో. వేసి చూస్తే చాలాసార్లు ఆయనదే కరెక్టు.

ఒక్కసారి ఆలోచించండి, మన వంటింటి మాటల్లో సగం ముక్కువే. మసాలా పచ్చి వాసన పోయేదాకా వేయించు. చింతపండు పచ్చి వాసన పోయేదాకా మరిగించు. పోపు కమ్మగా వాసన రాగానే దింపు, లేదంటే మాడుతుంది. పప్పు అడుగంటిందేమో చూడు. ఇవేవీ నాలుకతో చెప్పే సంగతులు కావు. నాలుకకి తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి, అంతే. వంకాయకీ దొండకాయకీ తేడా చెప్పేది ఎక్కువగా ముక్కే. నమిలేటప్పుడు వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. జలుబు చేస్తే అన్నం మట్టిలా అనిపించేది అందుకే. కోవిడ్ టైంలో చాలామందికి ఇది అనుభవంలోకి వచ్చింది కదా.

సరే, అసలు జబ్బు సంగతి. నాన్న స్కూటీ పక్క బండ్లకి తగిలించడం మొదలుపెట్టాడు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు కూడా. గుమ్మం దాటుతుంటే భుజం కొట్టుకునేది. వయసు వచ్చింది, కళ్లజోడు మార్చాలి అనుకున్నాం. కళ్ల డాక్టర్ గారు చూపు విస్తీర్ణం టెస్ట్ చేసి, రెండు కళ్లకీ బయటి వైపు చూపు తగ్గిందని చెప్పి, వెంటనే ఎమ్మారై రాశారు. పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. క్యాన్సర్ కాదు, కానీ సైజు పెరిగి పైనున్న కంటి నరాల్ని నొక్కుతోంది. రెండు కంటి నరాలు కలిసి దాటుకునే జంక్షన్ సరిగ్గా ఆ గ్రంథి పైనే ఉంటుంది. అక్కడ కింద నుంచి నొక్కితే ముందు పోయేది రెండు పక్కల చూపు. మీ ఇంట్లో ఎవరైనా పక్కన ఉన్నవాటికి తరచూ గుద్దుకుంటుంటే తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పుడు మ్యాప్ చెప్తా. పిట్యూటరీ బఠాణీ గింజంత ఉంటుంది. మెదడు అడుగున, పుర్రె మధ్యలో, గుర్రం జీను ఆకారంలో ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది. అక్కడికి తల కోయకుండా చేరాలంటే దగ్గర దారి ముక్కు. ముక్కు మధ్యలో గోడ ఉంది, దాన్ని సెప్టం అంటారు. రెండు పక్కల గోడల నుంచి టర్బినేట్లు అనే మడతలు వేలాడుతుంటాయి, కిందిది, మధ్యది, పైది. బాగా వెనక్కి వెళ్తే స్ఫినాయిడ్ అనే గాలి గది. ఆ గది వెనక గోడ తీస్తే గడ్డ. ఇదంతా 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండోస్కోప్‌తో, స్క్రీన్ మీద చూస్తూ చేస్తారు. చాలాచోట్ల ఈఎన్‌టీ డాక్టర్ దారి తెరిచి కెమెరా పట్టుకుంటే, న్యూరోసర్జన్ రెండు చేతులతో గడ్డ తీస్తారు. ఇద్దరూ రెండు ముక్కు రంధ్రాలూ వాడుకుంటారు.

మరి వాసన ఎక్కడ తెలుస్తుంది? ముక్కంతా కాదు. కప్పు దగ్గర, బాగా పైన, కొన్ని చదరపు సెంటీమీటర్ల పొర మాత్రమే. సెప్టం పైభాగం, పై టర్బినేట్, మధ్య టర్బినేట్ పై అంచు కొంత. ఆ పొరలోని నరకణాల మీద దాదాపు 400 రకాల రిసెప్టర్లు ఉంటాయి. వాటి జన్యువుల కుటుంబాన్ని కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌కి 2004లో నోబెల్ వచ్చింది. ఆ కణాల నుంచి వెంట్రుకల్లాంటి నరాలు పైకి లేచి, చిల్లులున్న ఒక పల్చటి ఎముక గుండా మెదడులోకి వెళ్తాయి. దాని పేరు క్రిబ్రిఫార్మ్ ప్లేట్. లాటిన్‌లో క్రిబ్రం అంటే జల్లెడ. పేరుకి తగ్గట్టు నిజంగానే జల్లెడ.

ప్రాబ్లం అర్థమైందా? గడ్డ దగ్గరికి వెళ్లే దారి, వాసన ఉండే చోటు ఒకే సందులో ఉన్నాయి. స్ఫినాయిడ్ గది సహజ ద్వారం పై టర్బినేట్ పక్కనే ఉంటుంది. దారి కాస్త వెడల్పు చేద్దామని పైకి కోస్తే వాసన పొర పోతుంది.

వాసన రెండు రకాలుగా పోతుందని ఈఎన్‌టీ డాక్టర్ గారు చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, ఒకటి రోడ్డు బ్లాక్ అవ్వడం, రెండోది కేబుల్ తెగడం. వాపు, చెక్కులు, రక్తపు గడ్డలు అడ్డుపడితే గాలి పైదాకా చేరదు. అది రోడ్డు బ్లాక్. క్లీన్ అయితే వాసన తిరిగొస్తుంది. పొరనే కోసేస్తే, కాల్చేస్తే, జల్లెడ దగ్గర నరాలు తెగితే, అది కేబుల్ తెగడం. ఈ నరకణాలు జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయి కాబట్టి కొంత ఆశ ఉంటుంది. కానీ పొరే లేనిచోట పుట్టడానికి ఏముంది?

కొంచెం హిస్టరీ. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ మొదటిసారి ముక్కు దారిలో పిట్యూటరీ గడ్డ తీశాడు. ముక్కునే పక్కకి తిప్పి, లోపలి టర్బినేట్లు, సెప్టం తీసేసి వెళ్లాడు. అప్పట్లో మనిషి బతికితే చాలు. 1997లో పిట్స్‌బర్గ్‌లో జో, కరావ్ అనే ఇద్దరు సర్జన్లు ఎండోస్కోప్‌తో చేసిన 50 మంది పేషెంట్ల వివరాలు ప్రచురించారు. మనుషులు బతకడం, చూపు రావడం మామూలయ్యాకే డాక్టర్లకి తర్వాతి ప్రశ్న అడిగే వీలు దొరికింది. ఆపరేషన్ అయ్యాక ఈ మనిషి ఎలా బతుకుతాడు? వాసన ఆ ప్రశ్నలోకే వస్తుంది.

ఇప్పుడు వాసన కాపాడటానికి సర్జన్లు ఏం చేస్తారో చూద్దాం. ఈ భాగం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇక్కడ పెద్ద మెషిన్ ఏదీ లేదు. ఎక్కడ కోయాలి, ఎక్కడ ఆగాలి, అంతే.

మొదటిది, మధ్య టర్బినేట్‌ని వీలైనంతవరకు కోసి పారేయరు. మెల్లగా పక్కకి జరిపి దారి చేసుకుంటారు, చివర్లో మళ్లీ దాని చోటికి తెస్తారు. తేకపోతే అది పక్క గోడకో సెప్టంకో అతుక్కుని, పైకి గాలి వెళ్లే సందు మూసుకుపోవచ్చు. రెండోది, పై టర్బినేట్‌ని ముట్టుకోకుండా ఉండటం, తప్పకపోతే కింది భాగం వరకే తీయడం. మూడోది, స్ఫినాయిడ్ ద్వారాన్ని పైకి కాకుండా కిందికి, పక్కకి వెడల్పు చేయడం. నాలుగోది, ఆ పైభాగంలో కరెంటుతో కాల్చే పరికరం జాగ్రత్తగా వాడటం. చల్లటి బ్లేడుతో కోస్తే వాసనకి మేలా కాదా అనేదాని మీద రీసెర్చ్‌లు అన్నీ ఒకే మాట చెప్పట్లేదు. కానీ వేడి చుట్టుపక్కలకి పాకుతుందనేది తెలిసిన విషయమే.

ఐదోది ఫ్లాప్. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. మెదడు చుట్టూ నీరు ఉంటుంది. ఆపరేషన్‌లో దాని పొర చిల్లు పడితే ఆ నీరు ముక్కులోకి కారుతుంది, ఇన్ఫెక్షన్ మెదడుకి ఎక్కే ప్రమాదం. ఆ చిల్లు మూయడానికి 2006లో అర్జెంటీనా డాక్టర్లు హదద్, బస్సగస్తెగీ పేరుతో ఒక పద్ధతి ప్రచురితమైంది. సెప్టం మీది పొరని, దాని రక్తనాళం తెగకుండా ఊడదీసి, వెనక్కి తిప్పి చిల్లు మీద అతికిస్తారు. సొంత రక్తం అందుతూ ఉంటుంది కాబట్టి బాగా అతుక్కుంటుంది. పెద్ద ఆపరేషన్లలో లీకులు బాగా తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. కానీ ఆ పొర పై అంచులోనే వాసన ఉంది. అందుకే పైకోత కప్పుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు కిందే పెట్టి, వాసన పట్టీని అక్కడే వదిలేస్తారు.

ఇంకో తెలివైన పని కూడా ఉంది. పిట్యూటరీ గడ్డ తీసేటప్పుడు అందరికీ లీకు రాదు. అలాంటప్పుడు ముందే మొత్తం ఫ్లాప్ ఎందుకు ఊడదీయాలి? రక్తనాళం ఉన్న భాగాన్ని మాత్రం కిందికి జరిపి భద్రంగా ఉంచుతారు. లీకు వస్తే అప్పుడు మిగతాది తీస్తారు, రాకపోతే అలాగే వదిలేస్తారు. దీన్ని రెస్క్యూ ఫ్లాప్ అంటారు. మేం కోడ్‌లో అవసరం లేని ఫంక్షన్ ముందే రన్ చేయకూడదు అంటాం చూడండి, సేమ్ లాజిక్. నాన్నకి చేసింది ఇదే. లీకు రాలేదు, ఫ్లాప్ తీయాల్సిన అవసరం పడలేదు.

అయితే ఆ డాక్టర్ గారు ఇంకో మాట కూడా సూటిగా చెప్పారు. "చూడండి, నా దగ్గర ఒక వరస ఉంది. ముందు మీ ప్రాణం, తర్వాత చూపు, తర్వాత లీకు లేకుండా మూయడం. వాసన ఆ తర్వాత. పైవాటికి అడ్డొస్తే వాసనని వదులుకుంటా. అడ్డు రానంతవరకు ఒక్క మిల్లీమీటరు కూడా అనవసరంగా తీయను." నాకు ఇది చాలా నిజాయితీగా అనిపించింది. అన్నీ కాపాడతాం అని మాటిచ్చేవాళ్ల కన్నా ఇలా వరస చెప్పేవాళ్లే నయం. కొన్ని గడ్డలకైతే ఈ ఛాయిస్ కూడా ఉండదు. జల్లెడ ఎముక మీదే పెరిగే మెనింజియోమాలు, వాసన పొరలోనే పుట్టే క్యాన్సర్ లాంటివి ఉంటే ఆ ఎముక గుండానే వెళ్లాలి. ఆ వైపు వాసన పోయినట్టే. గడ్డ ఒకవైపే ఉంటే రెండోవైపు కాపాడగలరేమో చూస్తారు. ముందే తెలిస్తే కనీసం మనసు సిద్ధం చేసుకోవచ్చు.

ఇప్పుడు మా తప్పు. నా తప్పు అనాలి. ఆపరేషన్‌కి ముందు నాన్నకి వాసన టెస్ట్ చేయించలేదు. రక్తం, గుండె, హార్మోన్లు, కళ్లు అన్నీ చేశారు. వాసనది వాళ్లూ రాయలేదు, నేనూ అడగలేదు. ఐటీలో నాలుగేళ్లు పనిచేసి, ఏ మార్పు చేసినా ముందు బేస్‌లైన్ తీసుకోవాలని జూనియర్లకి క్లాసులు పీకినవాణ్ణి నేను. మా నాన్న ముక్కుకి బేస్‌లైన్ తీసుకోలేదు. దాని ఫలితం చివర్లో చెప్తా.

టెస్టులు ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో తయారైన 40 వాసనల టెస్ట్ ఒకటి, గోకి వాసన చూసి నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టాలి. అందులో రూట్ బీర్, డిల్ ఊరగాయ లాంటివి ఉంటాయి. మా నాన్నకి అవేంటో తెలియనే తెలియవు. అందుకే మనకి తెలిసిన వాసనలతో చేసే టెస్టే సరైనది. జర్మనీలో పెన్నుల్లాంటి కడ్డీలతో చేసే స్నిఫిన్ స్టిక్స్ ఇంకోటి. ఏదీ దొరక్కపోతే కనీసం ఇంట్లో కళ్లు మూయించి, ఒక్కో ముక్కు రంధ్రంతో విడివిడిగా కాఫీ పొడి, ఇంగువ, లవంగం, నిమ్మతొక్క చూపించి రాసుకోండి. డాక్టర్ టెస్ట్‌కి ఇది సమానం కాదు, ఏమీ లేనిదానికన్నా నయం. విక్స్‌తో మాత్రం చేయకండి. ఆ చల్లదనం, ఘాటు మొహంలో ఉండే వేరే నరం పట్టేస్తుంది. వాసన సున్నా ఉన్నవాళ్లకి కూడా విక్స్ తగిలినట్టు అనిపిస్తుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. వారం తిరక్కుండానే పక్క చూపు మెరుగైంది. గోడ మీద క్యాలెండర్ మొత్తం కనిపిస్తోంది అని నాన్న మురిసిపోయాడు. వాసన మాత్రం సున్నా. ముక్కు నిండా చెక్కులు, దిబ్బడ. కొన్ని వారాల పాటు ఇది మామూలే, చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది అన్నారు డాక్టర్లు. ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు, ముక్కులోంచి నీళ్లలా కారితే వెంటనే హాస్పిటల్‌కి రావాలి అన్నారు. వాళ్లు చెప్పినప్పటి నుంచి ఉప్పునీళ్లతో ముక్కు కడగడం.

ఐదో వారంలో నాన్న వద్దన్నా వినకుండా కొట్టుకి వెళ్లాడు. ఆరోజు సాంబారు పోపు నల్లగా మాడింది. ఆయనకి తెలియలేదు. అదే సాంబారులో కలిపేశాడు. రోజూ వచ్చే ఒకాయన కవరు వెనక్కి తెచ్చి "ఏం బాబాయ్, మాడు వాసన" అన్నాడు. నాన్న కవరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డబ్బులు తిరిగిచ్చి, షట్టర్ దించేసి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. "చూపు ఇచ్చి పని తీసుకున్నాడ్రా దేవుడు" అన్నాడు. 22 ఏళ్లలో ఆయన అలా మాట్లాడ్డం నేను వినలేదు.

మర్నాడు నాకు ఇంకో భయం పట్టుకుంది. గ్యాస్. సిలిండర్ గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియడానికే ఇథైల్ మెర్‌కాప్టన్ అనే కంపు పదార్థం కలుపుతారు. వాసన తెలియని మనిషి, కొట్టులో పెద్ద సిలిండర్లు! ఆరోజే గ్యాస్ అలారం కొని పెట్టించా. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది కాబట్టి అలారం కింద పెట్టాలి, కప్పు దగ్గర కాదు. లీకు అనుమానం వస్తే ఎమర్జెన్సీ నంబర్ 1906, సేవ్ చేసుకోండి. ఇంట్లో వాసన పోయినవాళ్లు ఎవరున్నా, కారణం ఏదైనా, ఇది చేయండి. మిగిలిన కూరలు ఫ్రిజ్‌లో పెడితే డబ్బా మీద తేదీ రాయండి, పాచిపోయింది వాళ్లకి తెలియదు.

చెక్కులు క్లీన్ చేశాక, డాక్టర్ గారు ఓకే అన్నాక స్మెల్ ట్రైనింగ్ మొదలుపెట్టాం. జర్మనీలో థామస్ హుమ్మెల్ టీం 2009లో ప్రచురించిన పద్ధతి. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్. రోజుకి రెండుసార్లు, 12 వారాలు, ఒక్కోదాన్ని కాసేపు శ్రద్ధగా వాసన చూడటం. అది మొదట వైరస్‌ల వల్ల, తలకి దెబ్బలు తగిలి వాసన పోయినవాళ్ల లాంటి పేషెంట్ల మీద చేసింది. ఈ ఆపరేషన్ తర్వాత ఎంత పనిచేస్తుందో గ్యారంటీ ఇవ్వలేను అని డాక్టర్ గారే చెప్పారు. ఖర్చు లేదు, నష్టం లేదు, చేశాం. అమ్మ నాలుగు చిన్న సీసాల్లో పెట్టి దేవుడి దీపం దగ్గర ఉంచింది. దీపం పెట్టగానే "ఏవండీ, ముక్కు పూజ" అని పిలిచేది.

మొదట తిరిగొచ్చిన వాసన ఏంటో తెలుసా? ఫినాయిల్. బాత్రూంలోంచి "ఒరేయ్, ఫినాయిల్ పోశారా?" అని అరిచాడు. ఇంట్లో పండగ. తర్వాత ఇంగువ, తర్వాత కాఫీ. నాలుగు నెలలకి పోపు మాడితే పక్కనుంచి చెప్పగలిగాడు. కొట్టు మళ్లీ తెరిచాడు.

అంతా ముందులాగే వచ్చిందా? నాన్న లేదంటాడు. "చింతపండు పచ్చి వాసన సరిగా పట్టట్లేదు" అంటాడు. ఆర్నెల్లకి టెస్ట్ చేస్తే కొద్దిగా తగ్గినట్టు వచ్చింది. "ఇది ఆపరేషన్ వల్లా, వయసు వల్లా, ముందునుంచే ఉందా?" అని అడిగా. ఈఎన్‌టీ డాక్టర్ గారు "ముందు టెస్ట్ ఉంటే చెప్పేదాన్ని" అన్నారు. చెప్పా కదా, చివర్లో చెప్తానని. ఫలితం ఇదీ. ఆ ప్రశ్నకి మాకు ఎప్పటికీ జవాబు దొరకదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ముక్కు దారిలో ఇలాంటి ఆపరేషన్ ఉంటే, ఈ ఐదు అడగండి. ఈ దారిలో వాసనకి ఎంత ప్రమాదం? ముందు టెస్ట్ చేస్తారా? టర్బినేట్లు ఉంచుతారా, తీస్తారా? ఫ్లాప్ తప్పనిసరా, అవసరమైతేనా? తర్వాత ముక్కు క్లీనింగ్‌కి ఎవరి దగ్గరికి, ఎప్పుడెప్పుడు రావాలి? ఇవి అడిగితే డాక్టర్లు కోప్పడరు. మా ఈఎన్‌టీ డాక్టర్ గారైతే, "చాలామంది అసలు అడగరు, అడిగితే మాకూ ఆ మనిషికి ఏం ముఖ్యమో తెలుస్తుంది" అన్నారు. అలాగే పేషెంట్‌ని మాట్లాడనివ్వండి. లిస్టు మనం రాస్తాం, జీవితం వాళ్లది. 20 ప్రశ్నలు రాసిన నాకు తట్టనిది, ఏడో క్లాసు చదివిన మా నాన్నకి తట్టింది.

ఇప్పుడు కొట్టులో చిన్న మార్పు వచ్చింది. పులుసు మరిగాక నాన్న గరిటెతో రెండు చుక్కలు అమ్మ అరచేతిలో పోస్తాడు. అరచేతిలో పోస్తే ఎంగిలి కాదని 22 ఏళ్లుగా అమ్మ చెప్తూనే ఉంది, ఇప్పటికి ఒప్పుకున్నాడు. అమ్మ చప్పరించి "పచ్చి వాసన పోయింది, దింపండి" అంటుంది. నాన్న అయినా సరే మూత తీసి, ఆవిరి మొహానికి తగలనిచ్చి, ఒకసారి చూసుకునే దింపుతాడు.

ఈరోజుకి ఇంతే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే కింద రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. ఆపరేషన్ డేట్ దగ్గరున్నవాళ్లకి ఈ వీడియో పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.